సోడా రాకెట్టు లేవలేదా? దగ్గరికెళ్లి వంగకండి

సంక్రాంతి సెలవుల్లో మా పిన్నిగారి మనవడికి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. కోడిపందేల బరి దగ్గర జరిగిన గొడవేం కాదండి, పెరట్లో కూల్‌డ్రింక్ బాటిల్ తగిలింది. వాడు తొమ్మిదో తరగతి. ఫోన్లో వీడియో చూసి, కోలా బాటిల్లో మెంటోస్ వేసి, కార్కు బిగించి, మూడు ఇటుకల మధ్య తలకిందులుగా నిలబెట్టాడు. లేవలేదు. అర నిమిషం ఆగి, ఏమైందా అని వెళ్లి దాని మీదకి వంగాడు, సరిగ్గా అప్పుడే లేచింది. కుట్లు వేసిన డాక్టరు గారు వేలు అడ్డంగా పెట్టి చూపించారు, ఇంకో వేలు కిందకి తగిలుంటే కన్నే పోయేదని.

ఫిబ్రవరి 28న సైన్స్ డే. అమలాపురం నుంచి పాలకొల్లు దాకా ఏ స్కూల్లో చూసినా ఆ వారం ఈ రాకెట్టు ఒకటి తయారవుతూనే ఉంటుంది. చెయ్యొద్దని నేను అనను, ట్యూషన్ పిల్లల చేత నేనే చేయించాను. పెద్దవాళ్లు పక్కనుండాలి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసిన మూడు దెబ్బలూ ఒకే తప్పు వల్ల తగిలాయి: లేవని బాటిల్ దగ్గరికి వెళ్లడం.

పిల్లలు ఏమనుకుంటారంటే, లేవలేదు కాబట్టి అయిపోయింది అనుకుంటారు, తుస్సుమన్న చిచ్చుబుడ్డి లాగా. ఇక్కడ లెక్క వేరు. కోలాలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, మెంటోస్ పైపొర మీదున్న సన్నటి గుంటల్లో అది బుడగలై ఒక్కసారిగా బయటికొస్తుంది. ఆ గ్యాసుని ఆపుతున్నది కార్కు పట్టు ఒక్కటే. తడిసి బిగిసిన కార్కు ఐదు సెకన్లు ఆపొచ్చు, రెండు నిమిషాలూ ఆపొచ్చు. మీరు వెళ్లి బాటిల్ చేతిలోకి తీసుకున్నారనుకోండి, ఆ కదలికకే లోపల మిగిలిన గ్యాసు కూడా పొంగుతుంది. అసలు మూత తియ్యని కూల్‌డ్రింక్ బాటిల్లోనే, మామూలు గది వేడికే, స్కూటర్ టైరులో కంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ఎండలో పెడితే ఇంకా పెరుగుతుంది. అందుకే లేవని బాటిల్‌కే ఎక్కువ భయపడాలి.

దీనికి నేను చేసే పని ఒకటుంది. కార్కుకి ముందే మేకుతో బెజ్జం పెట్టి, పురికొస కట్టి, ముడి మీద ఫెవిక్విక్ వేసి, ఆరాక వాడతాను. పురికొస పదిహేను అడుగులు ఉండాలి. బాటిల్ నిలబెట్టి, కొస పట్టుకుని కొబ్బరిచెట్టు చాటుకో గోడ చాటుకో పోవాలి. దానంతట అది లేచిందా సరే, లేవకపోతే అక్కణ్ణుంచే లాగుతాం. దగ్గరికెళ్లే అవసరమే రాదు.

బాటిల్ సంగతి. కూల్‌డ్రింక్ బాటిలే వాడండి, మంచినీళ్ల బాటిల్ పల్చన, ఒత్తిడికి ఆగదు. మడతపడ్డదీ గీత పడ్డదీ వద్దు. గోలీసోడా సీసాతో అసలొద్దు, గాజు పగిలితే ముక్కలు ఎటెళతాయో చెప్పలేం. మరమూత బిగించి వదిలెయ్యడం కూడా ఇదే బాపతు, గ్యాసు పోయే దారి లేక ఒత్తిడంతా లోపలే ఉండిపోతుంది.

ఇక చోటు. మన కోనసీమ ఇళ్లలో పెరడంటే సగం కొబ్బరిచెట్లే, బాటిల్ మట్టకి తగిలి నేరుగా మీ మీదకే తిరిగొస్తుంది. స్కూలు గ్రౌండు మంచిది, లేదంటే ఖాళీ కళ్లం. (అయ్యాక రెండు బిందెల నీళ్లు కొట్టండి, లేకపోతే తెల్లారేసరికి చీమలు.)

మిగతావి వరసగా చెప్పేస్తాను, వినండి.

కరెంటు తీగల కింద వద్దు. తీగల మీద చిక్కుకుంటే కర్రతో, దోటితో తియ్యొద్దు, లైన్‌మన్‌కి చెప్పండి.

రాకెట్టు ముక్కుకి రేకు, మేకు పెట్టొద్దు. అట్ట చాలు.

హార్డ్‌వేర్ కొట్లో తెల్ల ప్లాస్టిక్ కళ్లజోడు దొరుకుతుంది, కొనండి. చూసేవాళ్లకి కూడా.

ఫోన్లో వీడియో తీసేవాడు కూడా గోడ వెనకే. క్లోజప్ కావాలంటే ఫోన్‌ని ఇటుకకి ఆనించి వచ్చెయ్యండి.

మెంటోస్ నోట్లో వేసుకుని కోలా తాగే పందేలు వద్దు.

బాత్రూం కడిగే మందుతో చేసే వీడియోలు చూసి చెయ్యొద్దు. చెయ్యొద్దు. అది బాంబు.

లేవలేదా, వెళ్లొద్దు. పురికొస లాగండి. పురికొస తెగితే? అప్పుడూ వెళ్లొద్దు, పిల్లల్ని లోపలికి పంపి, గోడ చాటునుంచి దోటి కొక్కెంతో పెద్దవాళ్లే కార్కుని లాగాలి. "ఒక్కసారి చూసొస్తా మావయ్యా" అన్నవాడి చెయ్యి పట్టుకోండి.

కంట్లో కోలా చిమ్మితే మంచినీళ్లతో పావుగంట కడగండి. బాటిలో కార్కో కంటికి తగిలితే మాత్రం నులమొద్దు, నొక్కొద్దు, ఆముదం, చుక్కలు ఏమీ వెయ్యొద్దు. టీ తాగే పేపరు కప్పు కంటి మీద బోర్లించి, ఎముకకి ఆనేలా టేపు వేసి, నేరుగా కంటాసుపత్రికి. చూపు బాగానే ఉందన్నా సరే.

కాలవగట్టు మీద చెయ్యొద్దు. దాళ్వా (రెండో పంట వరి) రోజుల్లో కాలవ నిండుగా పోతుంది. బాటిల్ నీళ్లలో పడిందా, పోనివ్వండి, ఏ పిల్లాడూ దిగకూడదు.