దోమతెర కట్టుకున్నా మలేరియా ఎందుకొస్తోంది?

పాడేరు, చింతపల్లి వైపు మన్యం ఊళ్లలో దోమల్ని చంపే మందు పట్టించిన దోమతెరలు పంచిన కొన్నాళ్లకే "ఇవి పని చెయ్యట్లేదు" అనే మాట వినిపిస్తుంది. చాలావరకు తేడా వాడకంలోనే ఉంటుంది.

సమస్య: కొత్త తెరలో పడుకుంటే ముఖం మంట, దురద.
కారణం: పోగులకు పట్టిన డెల్టామెత్రిన్ లాంటి మందు కొత్తలో కాస్త ఘాటుగా ఉంటుంది.
పరిష్కారం: ప్యాకెట్ విప్పి ఒక రోజంతా నీడలో ఆరేసి, తర్వాత కట్టుకోండి.

సమస్య: లోపల పడుకున్నా దోమ కుడుతోంది.
కారణం: తెర అంచు పరుపు కిందికి దోపలేదు, లేదా నిద్రలో మోకాలో మోచెయ్యో తెరకు ఆనుతోంది. దోమ తెర మీద వాలి, సందు కోసం దాని మీదే నడుస్తుంది. మందు ఎక్కేది ఆ నడకలోనే. కానీ ఒళ్లు తెరకు ఆనితే అక్కడికక్కడే కుట్టేస్తుంది.
పరిష్కారం: అంచులన్నీ చాప కిందికో పరుపు కిందికో దోపండి. ఒక తెరలో ఇద్దరికి మించి ఇరుక్కోవద్దు. చిరుగు కనిపిస్తే సూదీ దారం తీసి కుట్టేయండి. పొద్దున లేవగానే తెరను పైకి చుట్టేస్తే మంచం కోళ్లకు తగిలి చిరగదు.

సమస్య: మొదట్లో దోమలు చచ్చేవి, ఇప్పుడు చావట్లేదు.
కారణం: ఉతుకుడు. బట్టల సబ్బుతో బండకేసి బాది, ఎండలో ఆరేస్తే మందు నిలవదు. సరిగ్గా వాడితే ఈ తెరలు సుమారు 20 ఉతుకులకు, మూడేళ్లకు తట్టుకుంటాయి.
పరిష్కారం: బాగా మాసినప్పుడే, మూడు నెలలకోసారి చాలు. బకెట్‌లో చన్నీళ్లు పోసి, ఒంటి సబ్బుతో మెల్లగా నలిపి నీడలో ఆరేయండి. గెడ్డలో (వాగులో) మాత్రం ఉతకొద్దు, ఆ మందుకు చేపలు చస్తాయి. ఉతికిన నీళ్లు గెడ్డకు దూరంగా నేల మీద పారబొయ్యండి.

సమస్య: అన్నీ సరిగ్గా చేసినా జ్వరం వచ్చింది.
రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది మొదటి ప్రశ్న. మలేరియా దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. పోడు కాపలాకు వెళ్లి మంచె మీదో కళ్లంలోనో పడుకుంటే ఇంట్లో వేలాడే తెర ఏం చేస్తుంది? దాన్ని మడిచి వెంట తీసుకెళ్లి, నాలుగు కర్రలు పాతి కట్టుకోవాలి. ఉక్కపోతకు వాకిట్లో పడుకునేవాళ్లకూ ఇదే ఉపాయం.

ఇంకో కారణం దోమతో సంబంధం లేనిది. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని, వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని చంపడానికి ఇచ్చే ప్రిమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది, నింద తెర మీద పడుతుంది. కాబట్టి జ్వరం రాగానే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకుని, ఇచ్చిన కోర్సు పూర్తిగా వాడండి. గర్భిణులకు ప్రిమాక్విన్ ఇవ్వరు, నెల తప్పినట్టు అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. మాత్రలు వాడుతుండగా మూత్రం నల్లగా, ముదురు రంగులో వస్తే ఆపేసి వెంటనే పీహెచ్‌సీకి వెళ్లాలి.