ఆన్‌లైన్ టీచింగ్‌నే కెరీర్‌గా మలుచుకోవాలనుకునే కొత్త లెక్చరర్లకి

మొన్న మా జూనియర్ ఒకమ్మాయి, కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది, ఫోన్ చేసి "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" అనడిగింది. అందరూ మొదట అడిగేది అదే. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు నీ సబ్జెక్ట్‌లో పిల్లలు ఏ యూనిట్ దగ్గర బోల్తా పడుతున్నారో మిడ్ పేపర్లు తిరగేసి చూడు అన్నా.

ఆ ఒక్క యూనిటే తీసుకోండి. సబ్జెక్ట్ మొత్తం రికార్డ్ చేసేద్దామని దిగితే రెండో యూనిట్‌కే నీరసమొచ్చేస్తుంది, నాకొచ్చింది. ఎనిమిది పది నిమిషాల ముక్కలు చేసుకోండి, రికార్డ్ చేసుకోడానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీనే, ఫోన్ కెమెరా చాలు, మైక్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, ఒక కాలర్ మైక్ కొనుక్కుని ఫ్యాన్ ఆపేసి తలుపేసుకుని కూర్చోండి. నా మొదటి వీడియోలో ఫ్యాన్ కిర్రుకిర్రు తప్ప ఏం వినపడలేదు, ఆ బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ దాన్ని ఫ్యాన్ లెక్చర్ అనే అంటారు.

వీడియో పెట్టేసి ఊరుకుంటే యూట్యూబ్‌లో మనకన్నా బాగా చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు. కింద మూడు ప్రశ్నల క్విజ్ పెట్టండి, మూడిల్ (కాలేజీలు క్విజ్‌లు, అసైన్‌మెంట్లు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) లేకపోతే గూగుల్ ఫామ్ అయినా సరే, క్లాస్‌కి ముందురోజు రాత్రికల్లా రాసేయాలని చెప్పండి. నేను థెవెనిన్ థియరం (పెద్ద సర్క్యూట్‌ని ఒక వోల్టేజ్ సోర్స్, ఒక రెసిస్టెన్స్‌గా కుదించే సూత్రం) మీద అలా పెడితే సగానికి సగం మంది ఆ రెసిస్టెన్స్ లెక్క కట్టేటప్పుడు డిపెండెంట్ సోర్స్‌ని (సర్క్యూట్‌లో ఇంకోచోటి వోల్టేజ్ లేదా కరెంట్ మీద ఆధారపడేది, దాన్ని ఆఫ్ చేయకూడదు) కూడా ఆఫ్ చేసేశారు. అన్నేళ్లుగా బోర్డు మీద చెప్తున్నా ఇది నాకు తెలీదు, ఎందుకంటే "అర్థమైందా" అంటే అందరూ "అయింది సార్" అనేవాళ్లే కదా! పొద్దున క్లాస్‌లో థియరం మళ్లీ చెప్పకుండా ఆ తప్పు మీదే గంటంతా కూర్చున్నాం.

ఇక ప్రమోషన్ లెక్క. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రెగ్యులేషన్స్‌లో రీసెర్చ్ పేపర్లకే కాదు ఆన్‌లైన్ కోర్స్ తయారీకీ మార్కులున్నాయి, 4 క్రెడిట్ల మూక్ (ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్స్) నాలుగు క్వాడ్రంట్లలోనూ (అంటే వీడియో, చదువుకునే మెటీరియల్, డిస్కషన్, అసెస్‌మెంట్) పూర్తిగా తయారుచేస్తే 20, ఒక్క మాడ్యూల్ చేస్తే 5, మాడ్యూల్‌లో కనీసం ఒక క్వాడ్రంట్‌కి కంటెంట్ రాస్తే 2. అసోసియేట్ ప్రొఫెసర్ డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌కి ఇలాంటి మార్కులన్నీ కలిపిన రీసెర్చ్ స్కోర్ 75 కావాలి, అదీ కనీసం మూడు కేటగిరీల నుంచి రావాలి, కాబట్టి ఇదొక్కటే నమ్ముకుని పేపర్లు మానేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఆర్డర్) లేకుండా ఒక్క వీడియో కూడా చేయొద్దు. నేను పదకొండు మాడ్యూల్స్ చేసి, ప్రమోషన్ కమిటీ ముందు గర్వంగా లింకులు చూపిస్తే "ఆర్డర్ కాపీ ఏది" అన్నారు, లేదు, మాటమీద చెప్పారు సార్ అన్నా, సున్నా వేశారు. మాట మీద పని చెప్పిన పెద్దమనిషి అప్పటికే రిటైరైపోయాడు. అందుకే ఆర్డర్, క్విజ్ మార్కుల షీట్, స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ మూడూ ప్రతి సెమిస్టర్‌కీ ఒక ఫైల్లో పెట్టేయండి.

స్వయం (కేంద్రప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక)కి కోర్స్ ఇద్దామనుకునే ముందు ఒకసారి స్టూడెంట్‌గా ఎన్‌పీటీఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు) 12 వారాల కోర్స్ చేయండి. అసైన్‌మెంట్లలో 25కి 10, ఎగ్జామ్‌లో 75కి 30 తెచ్చుకోవాలి సర్టిఫికెట్‌కి, ఏడో వారంలో ఎందుకు మానేయాలనిపిస్తుందో మీకే తెలుస్తుంది. తర్వాత మీ కాలేజీ ఎన్‌పీటీఎల్ లోకల్ చాప్టర్‌లో (కాలేజీలో ఆ కోర్సులు చేసే పిల్లల్ని చూసుకునే విభాగం) మెంటర్‌గా ఉండండి, అది ఎవరూ వద్దనరు, ఎవరూ పట్టించుకోరు కూడా.

అదే యూనిట్‌ని మూడేళ్లు వరసగా నడిపితే మూడు బ్యాచ్‌ల క్విజ్ మార్కులు, మిడ్ మార్కులు చేతికొస్తాయి, ఇంజినీరింగ్ ఎడ్యుకేషన్ జర్నల్‌కి పేపర్ రాయడానికి అంతకన్నా ఏం కావాలి. మా జూనియర్ అయితే నెట్‌వర్క్స్ (సర్క్యూట్ల సబ్జెక్ట్) రెండో యూనిట్ పట్టుకుంది, మైక్ ఇంకా కొనలేదట.