రిఫరెన్స్ గ్రంథాలతో పని – 4వ పాఠం: రాజనీతిశాస్త్ర విజ్ఞాన సర్వస్వాన్ని అంచనా వేయడం

కిందటి పాఠంలో నిఘంటువు ఎక్కడ ఆగిపోతుందో, విజ్ఞాన సర్వస్వం ఎక్కడ మొదలవుతుందో చూశాం. ఈసారి ఒక సర్వస్వాన్ని చేతిలోకి తీసుకుని, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకుందాం. అచ్చు ప్రతి, ఆన్‌లైన్ ప్రతి రెండూ దొరికితే మంచిది. ఒక్కటే ఉన్నా పాఠం ఆగదు.

ముందుగా, సంపుటాల లెక్క చూసి మురిసిపోవద్దు. సేజ్ సంస్థ 2011లో తెచ్చిన అంతర్జాతీయ రాజనీతిశాస్త్ర సర్వస్వం 8 సంపుటాలు. అదే ఏడాది సీక్యూ ప్రెస్ తెచ్చింది 5. అంతమాత్రాన ఒకటి గొప్పది, ఇంకోటి తక్కువది అయిపోదు. అందరూ దాటేసే ముందుమాట చదవండి. ఏం చేర్చారు, ఏం వదిలేశారు, ఎవరి కోసం రాశారు అన్నవి సాధారణంగా అక్కడే దొరుకుతాయి. తర్వాత సంపాదకులెవరో చూడండి. సేజ్ సర్వస్వానికి ముగ్గురు: బెర్ట్రాండ్ బాడీ, డిర్క్ బెర్గ్-ష్లోసర్, లియొనార్డో మోర్లినో. ముగ్గురూ యూరప్ పండితులే. అందులో తప్పేమీ లేదు గానీ, ఆసియా, ఆఫ్రికా దేశాల వ్యాసాలు ఎవరు రాశారో రచయితల జాబితా తిరగేసి చూడాలనిపించాలి మనకు.

అసలు పరీక్ష ఇక్కడి నుంచి. మీకు కాస్త తెలిసిన విషయాన్నే ఎంచుకోండి. తెలియనిదైతే ఏం రాసినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఉదాహరణకు డ్యువెర్జే సూత్రం. నియోజకవర్గానికి ఒక్కరే ఎన్నికై, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచే పద్ధతి ఉన్నచోట రెండు పార్టీల వ్యవస్థ ఏర్పడే అవకాశం ఎక్కువని ఫ్రెంచ్ రాజనీతి శాస్త్రవేత్త మోరిస్ డ్యువెర్జే 1951లో వాదించాడు. వ్యాసం ఇంతటితో ముగిస్తే అది పరీక్షల గైడుకు సరిపోతుంది, అంతే. మంచి వ్యాసమైతే ఆ పద్ధతే ఉన్న భారత్, కెనడాల్లో అన్ని పార్టీలు ఎలా నిలబడ్డాయో అడుగుతుంది. ఒక్కో నియోజకవర్గంలో పోటీ ఇద్దరి మధ్యే సాగినా, ఆ ఇద్దరూ చోటుచోటుకూ మారితే దేశం మొత్తం మీద పార్టీలు పెరుగుతాయన్న వివరణను మన ముందు పెడుతుంది. విమర్శకులు ఏమన్నారో కూడా చెబుతుంది.

వ్యాసం కింద రచయిత పేరు ఉందా? పేరు లేని వ్యాసాన్ని నేనైతే ఆధారంగా చూపను. ఆ కిందే ఉండే గ్రంథసూచిలో అన్నిటికన్నా కొత్త సంవత్సరం ఏదో చూడండి. వ్యాసం అసలు వయసు దాదాపుగా అదే. కాపీరైట్ పేజీలో ఉండేది పుస్తకం వయసు మాత్రమే. ఇంత పెద్ద గ్రంథాలకు వ్యాసాలు చాలా ముందే రాయించుకుంటారు. 2010 డిసెంబరులో ట్యునీషియాలో మొదలైన తిరుగుబాట్లు, 2011 జులై 9న దక్షిణ సూడాన్ స్వాతంత్ర్యం – ఆ ఏడాది అచ్చయిన సంపుటాల్లో ఇలాంటివాటికి సరైన చోటు దొరకడం కష్టం. సార్వభౌమాధికారం, న్యాయబద్ధత లాంటి భావనల మీద వ్యాసాలు మాత్రం ఇంత త్వరగా పాతబడవు. కాబట్టి పాత అచ్చు ప్రతిని దేశాల సమాచారానికి కాదు, సిద్ధాంతాలకు వాడుకోండి.

ఆన్‌లైన్ ప్రతి అనగానే తాజాగా ఉంటుందనుకుంటాం. చాలాసార్లు అది అచ్చు పేజీలకు వేసిన కొత్త చొక్కా మాత్రమే. ఎస్వాటిని, ఉత్తర మాసిడోనియా అని వెతకండి. మొదటిది (పాత పేరు స్వాజిలాండ్) 2018లో, రెండోది (పాత పేరు మాసిడోనియా) 2019లో పేరు మార్చుకున్న దేశాలు. ప్రస్తుత పరిస్థితిని చెప్పే వ్యాసంలో ఇంకా పాత పేర్లే ఉంటే, మధ్యలో ఎవరూ దాని జోలికి పోలేదన్నమాట. తాజాకరణ తేదీ కనిపించినా సంతోషపడిపోకండి, అచ్చుతప్పు దిద్దినా ఆ తేదీ మారవచ్చు. ఈ విషయంలో స్టాన్‌ఫోర్డ్ తత్వశాస్త్ర సర్వస్వం మంచి నమూనా. రాజకీయ తత్వం మీద వ్యాసాలూ అందులో ఉచితంగా చదవవచ్చు. మొదట ప్రచురించిన తేదీ, గణనీయంగా సవరించిన తేదీ విడివిడిగా ఇస్తారు. పాత రూపాలనూ భద్రపరుస్తారు. మీరు ఉటంకించిన వాక్యం రేపు మారిపోయినా చూపించుకోవచ్చు.

అచ్చు ప్రతిలో విషయసూచికను చిన్నచూపు చూడొద్దు. ‘అధికారం’ అని సెర్చ్ కొడితే కుప్పలుగా వచ్చి పడతాయి. సూచిక అదే మాటను ఉపవిభాగాలుగా విడగొట్టి చూపిస్తుంది. ‘ఇది కూడా చూడండి’ అన్నచోటికి నిజంగా వెళ్లి చూడండి. అక్కడ ఏమీ లేకపోతే సంపాదకత్వం సడలిందని అర్థం.

అభ్యాసం: ‘సమాఖ్య’ వ్యాసాన్ని రెండు రూపాల్లోనూ తెరవండి. రచయిత, గ్రంథసూచిలో ఆఖరి సంవత్సరం, వ్యాసం లేవనెత్తిన ఒక అభ్యంతరం, అమెరికా కాకుండా చర్చించిన దేశాలు – వీటి మీద అర పేజీ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇదే వ్యాసాన్ని వేరే సర్వస్వంలోని వ్యాసంతో పోలుస్తాం, ఆ అర పేజీ అప్పుడు కావాలి.