పాత పగులు కొత్త తారులోకి ఎక్కకుండా గ్రిడ్ పరవడం ఎలా

కొత్తగా తారు వేసిన రోడ్డు మీద మొదటి వేసవిలోనే పొడుగ్గా ఓ గీత కనబడిందంటే, ఊళ్లో వాళ్లు ముందు అనే మాట "తారు తక్కువేశారు" అని. చాలాసార్లు తప్పు తారుది కాదు. కింద పాత రోడ్డులో ఉన్న పగులే పైకి ఎక్కి వస్తుంది. ఏడాదికి దాదాపు అంగుళం చొప్పున ఎక్కుతుందని మా వాళ్ల మోటు లెక్క. 40 మిల్లీమీటర్ల బీసీ (పైన వేసే తారు కాంక్రీటు పొర) వేసి వదిలేస్తే రెండో ఏటికల్లా గీత పైన ఉంటుంది.

నేను పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీరుగా ఉన్నాను. అందులో సగం నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలోనే గడిచింది. అక్కడ ఒకప్పటి 3.75 మీటర్ల సింగిల్ రోడ్డును 7 మీటర్లకు వెడల్పు చేసినప్పుడు, పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు వెంబడి పగులు వస్తుంది. ఈ పని గురించే రాస్తున్నాను, ఎందుకంటే గ్లాస్ గ్రిడ్, అంటే తారు పొరల మధ్య పరిచే గాజు పోగుల వల, నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోండి. లారీ చక్రం ఒక్కసారి పగులు దాటితే పై పొరకు మూడు దెబ్బలు తగులుతాయి. చక్రం పగులుకు ఇవతల ఉన్నప్పుడు ఈ అంచు కిందకి దిగి పొరను కోస్తుంది. సరిగ్గా పగులు మీదకి రాగానే పొర వంగుతుంది. అవతలికి వెళ్లగానే ఆ అంచు దిగి మళ్లీ కోస్తుంది. దీనికి తోడు ఎండకు నేల ముడుచుకుని పగులును పక్కలకు లాగుతుంది. గ్రిడ్ ఈ లాగుడునూ వంపునూ పట్టుకుంటుంది. గాజు పోగు మూడు శాతం కూడా సాగదు, అదే దాని బలం. కానీ రెండు అంచులూ పైకీ కిందికీ ఆడుతుంటే అది చేయగలిగింది తక్కువ.

అందుకే గ్రిడ్ ఆర్డరు పెట్టేముందు రోడ్డు మీద నడవండి. పగులు పక్కన కూర్చుని, ఒక వేలు ఇటు అంచు మీద, ఒక వేలు అటు అంచు మీద పెట్టి, లోడు టిప్పర్‌ని మీ పక్కనుంచి మెల్లగా నడిపించమనండి (డ్రైవర్ నమ్మకమైనవాడై ఉండాలి, పక్కన జెండా పట్టుకుని ఇంకో మనిషి ఉండాలి). అంచులు విడివిడిగా కదిలినట్టు వేలికి తెలిసిపోతుంది. కదిలితే ఆ ముక్క తవ్వి కింద పొరలు బాగుచేయాల్సిందే. వాన వెలిసిన మర్నాడు పగులు చుట్టూ బూడిద రంగు మట్టి మరక ఉన్నా అంతే, లోపల నీళ్లు చేరి మట్టిని పైకి తోస్తున్నాయన్నమాట. మొసలి చర్మంలా చిన్న చిన్న పలకలుగా పగిలిన చోటా తవ్వకం తప్పదు. అలాంటి చోట పైన వల పరిచి తారు పోయడం పుచ్చిన పన్ను మీద తొడుగు వేసినట్టే. బరువు పడితే రోడ్డు ఎంత కుంగుతుందో కొలిచే బెంకెల్‌మన్ బీమ్ గానీ ఎఫ్‌డబ్ల్యూడీ గానీ పెట్టే వీలుంటే పెట్టండి. కొత్త పొర ఎంత మందం కావాలో అవే చెబుతాయి. గ్రిడ్ ఉంది కదా అని మందం తగ్గించే ఆలోచన నాకు నచ్చదు.

నల్లరేగడిలో ఇంకో పని ఉంది. బెర్మ్ (తారును ఆనుకుని ఉండే రోడ్డు పక్క అంచు) మీద రేగడి మట్టే పోసి ఉంటే అది ఎండాకాలం నెర్రెలు విచ్చి, ఆ నెర్రె తారు కిందకి పాకుతుంది. బెర్మ్‌కి గ్రావెల్ వేయించండి, పక్క కాలువలో నీరు నిలవకుండా చూడండి. రోడ్డు అంచుకు ఆనుకుని పెద్ద చెట్టు ఉంటే వేర్లు మట్టిలో తడి లాగేస్తాయి, పగులు అక్కడ ముందుగా విచ్చుకుంటుంది. వెడల్పు పని మీ చేతిలోనే ఉంటే పాత రోడ్డు అంచును మెట్లు మెట్లుగా కోసి, ఏ పొర అతుకూ ఇంకో పొర అతుకు మీద పడకుండా 30 సెంటీమీటర్లయినా జరపండి. తయారైపోయిన రోడ్డు మీద ఇది కుదరదు, అప్పుడే గ్రిడ్.

ఇక పని. పగుళ్లను కంప్రెసర్ గాలితో ఊదించండి, చీపురుతో కాదు. 3 మిల్లీమీటర్లు దాటిన పగులులో సీలెంట్ పోయించండి. అంచుదాకా నింపొద్దు, కొద్దిగా లోతుగానే వదలాలి. పొంగేలా పోస్తే వేడి మిక్స్ (తారు కలిపిన కంకర) పడగానే అది ఉబ్బి, రోలర్ కింద కొత్త పొర మీద గట్టులా లేస్తుంది. గుంతలు నలుచదరంగా కోసి ప్యాచ్ వేయండి.

తర్వాత చదును పొర. మిల్లింగ్ చేసిన (యంత్రంతో పై పొర గీకిన) గరుకు మీద గానీ, కంకర మొనలు తేలిన పాత రోడ్డు మీద గానీ నేరుగా గ్రిడ్ పరిచారంటే, రోలర్ నొక్కినప్పుడే గాజు పోగులు పుటుక్కుమంటాయి. సాగని వస్తువు కదా, మొన గుచ్చుకుంటే విరుగుతుంది. కనీసం 20 మిల్లీమీటర్ల సన్న మిక్స్ వేసి చదును చేశాకే గ్రిడ్. దాని మీద తారు 40 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అదీ నొక్కిన తర్వాత కొలత.

చుట్టలు ఎన్ని కావాలో లెక్కలో నేనొకసారి బోర్లా పడ్డాను. మాకొచ్చిన చుట్ట మీటరున్నర వెడల్పు, వంద మీటర్ల పొడవు. కిలోమీటరు అతుకుకు పది చుట్టలు చాలనుకున్నాను. చుట్టకూ చుట్టకూ మధ్య 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి, తొమ్మిది అతుకులకు 1.35 మీటర్లు తగ్గాయి. ఆ ముక్క కోసం పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) ఆగింది. పదకొండు తెప్పించండి. రోడ్డు మొత్తం వెడల్పున పరవక్కర్లేదు, పగులుకు అటూ ఇటూ ముప్పావు మీటరు వస్తే చాలు.

పొరకీ పొరకీ అతుకు కోసం చల్లే పల్చటి తారు, అంటే టాక్ కోట్ దగ్గరే చాలా పనులు చెడతాయి. పాత తారు మీద ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలోలని మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) నిబంధన. కంటితో చూసి ఇది తెలియదు. 30 సెంటీమీటర్ల చదరపు రేకు ట్రే ఒకటి తూకం వేసి రోడ్డు మీద పెట్టండి, స్ప్రేయర్ దాటగానే మళ్లీ తూయండి. 0.25 కిలోల లెక్కకు ట్రేలో 22.5 గ్రాములు పడాలి. కూరగాయల దుకాణం తక్కెడ పనికిరాదు, గ్రాముల్లో చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తూకం జేబులో పెట్టుకోండి. చల్లిన ఎమల్షన్ గోధుమ రంగు నుంచి పూర్తిగా నల్లబడేదాకా ఆగాలి. గ్రిడ్ వెనక జిగురు ఉంది కదా, టాక్ కోట్ ఎందుకని అడుగుతారు. ఆ జిగురు పేవర్ వచ్చేదాకా వల కదలకుండా ఉండటానికే. పొరకీ పొరకీ అతుకు తారుతోనే. కొన్ని రకాలకు టాక్ కోట్ గ్రిడ్ పైన కొట్టమంటారు, చుట్టతో వచ్చిన కాగితం చదవండి.

గ్రిడ్ బదులు పాలీప్రొపిలీన్ గుడ్డ వాడితే కథ వేరు. ఆ గుడ్డ తానే చదరపు మీటరుకు దాదాపు కిలో తారు తాగుతుంది, తాగితేనే నీటిని ఆపే పొర అవుతుంది. ఎమల్షన్ చిలకరింపు చాలదు, వేడి తారు కొట్టాలి. 165 డిగ్రీల దగ్గర ఆ గుడ్డ కరుగుతుంది కాబట్టి ప్లాంటు నుంచి మండిపోతూ వచ్చిన లోడును దాని మీద దించొద్దు. గాజుకు ఆ భయం లేదు.

పరవడం తెల్లవారుజామునే మొదలుపెట్టండి. మే నెలలో నంద్యాల ఎండకు మధ్యాహ్నం రోడ్డు మీద చెయ్యి పెట్టలేం, తారు మెత్తబడి వల టైర్లకు అంటుకుని లేచిపోతుంది. చేతులకు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గాజు పోగు దురద రాత్రంతా నిద్రపోనివ్వదు, నా అనుభవం. చుట్టను బిగువుగా లాగుతూ పరచాలి. ముడత పడితే కోసి, ఒకదాని మీద ఒకటి వేసి సర్దండి. వంపుల దగ్గర వలను వంచకుండా చిన్న ముక్కలుగా కోసుకోండి. అతుకు దగ్గర వెనక చుట్ట కొస ముందు చుట్ట మీదకి రావాలి, పేవర్ వెనక నుంచి ముందుకు వస్తుంది కాబట్టి అంచు లేవదు. పరిచాక టైర్ రోలర్ రెండుసార్లు తిప్పండి, టైర్లు శుభ్రంగా ఉండాలి.

అంటుకుందో లేదో ఇలా చూడండి. మీటరు చదరం ముక్క పరిచి, రోలర్ తిప్పి, మధ్యలో కొక్కెం తగిలించి స్ప్రింగ్ తూకంతో పైకి లాగండి. మేం వాడిన రకానికి 9 కిలోల లాగుడు తట్టుకుంటే పని మొదలుపెట్టేవాళ్లం. అంతకు ముందే లేచిపోతే కింద దుమ్మో తడో ఉన్నట్టు.

ఆ రోజు కప్పగలిగినంతే పరచండి. టిప్పర్లు వల మీద సూటిగా, మెల్లగా రివర్స్ రావాలి. బ్రేకు గట్టిగా కొట్టినా, స్టీరింగ్ నిలుచున్న చోటే తిప్పినా వల చిరుగుతుంది. టైరుకు అంటుతుంటే ఇసుక చల్లకండి, పారతో కాస్త వేడి మిక్స్ చల్లించండి. ఇసుక చల్లితే అతుకు పోతుంది. వీజీ 30 రకం తారు మిక్స్ పరిచేటప్పుడు 140 డిగ్రీలు ఉండాలి, రోలింగ్ 90కి పడకముందే అయిపోవాలి.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన పొద్దున్నే రోడ్డు మీద వేలు రాసి నాకు చూపించి, "సారూ, దుమ్ము మీద బొట్టు నిలవదు" అన్నాడు. కంప్రెసర్ ఇంకో సైటుకి పోయింది, చీపుర్లతో కానిచ్చేశాం. వారం తర్వాత పది సెంటీమీటర్ల కోర్ (రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసే ముక్క) తీస్తే, వల దగ్గర విడిపోయి రెండు బిళ్లలుగా చేతిలోకి వచ్చింది. నాలుగు నెలలకు స్పీడ్ బ్రేకర్ ముందు, లారీలు బ్రేకు కొట్టే చోట, కొత్త పొర అర్ధచంద్రాకారంలో జారి లేచింది. అక్కడంతా గీకించి మళ్లీ వేశాం. అప్పటినుంచీ కోర్ తీయకుండా నేను ఏ పనీ ఒప్పుకోలేదు. ముక్క విడిపోకుండా నిలువునా రావాలి, వల మధ్యలో గీతలా కనిపించాలి.

పని మొదలుపెట్టక ముందే పగుళ్లన్నీ ఏ మీటరు దగ్గర, ఎంత వెడల్పో నోట్‌బుక్కులో రాసుకోండి, గ్రిడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా. మేం మళ్లీ వేసిన ఆ 1200 మీటర్లకు నేను మూడో వేసవిలో వెళ్లాను. గీత రెండు చోట్ల కనబడింది. ఒకటి కల్వర్టు పక్కన, చుట్ట చాలక నాలుగు మీటర్లు వదిలేసిన చోట. రెండోది బెర్మ్ మీద వేపచెట్టు ఎదురుగా, గ్రిడ్ ఉన్న చోటే, వెంట్రుకవాసి వెడల్పున. నోట్‌బుక్కులో ఆ చెట్టు దగ్గర పాత కొలత 14 మిల్లీమీటర్లని ఉంది.