లినక్స్ సర్వర్‌కి టేప్ లైబ్రరీ – 4వ పాఠం: ఎస్‌జీ నంబరును నమ్ముకోకండి

ఈసారి బార్‌కోడ్‌ల గురించి చెప్తానన్నాను. అది వాయిదా. గత పాఠంలో ఎస్‌జీ డ్రైవర్ (డిస్కులు, టేపుల్లాంటి స్కజీ పరికరాలకి ఆజ్ఞలు నేరుగా అందించేది) ఎక్కించి, రోబో (లైబ్రరీలో టేపులు మార్చే యంత్రం) చేత 1వ అర నుంచి టేపు తీయించి డ్రైవులో పెట్టించాం కదా, ఆ పూట అందరికీ పనిచేసింది. సర్వర్ రీబూట్ చేశాక చాలామందికి ఆగిపోయింది. రోబోని నడిపే ఎంటీఎక్స్ కమాండుతో ‘ఎంటీఎక్స్ స్టేటస్’ అడిగితే ‘రీడ్ ఎలిమెంట్ స్టేటస్ కమాండ్ ఫెయిల్డ్’ అని వస్తోందట. రోబో పాడైందేమోనని కంపెనీ ఇంజినీరుకి కబురు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. రోబోకి ఏమీ కాలేదు. అసలు మీరు అడిగింది రోబోని కాదు.

ముందు స్కజీ పరికరాల జాబితా చూపే ‘ఎల్ఎస్‌స్కజీ’కి ‘మైనస్ జీ’ తగిలించి కొట్టండి. నా పరీక్ష సర్వర్‌లో మొదట ఇలా ఉంది:

[0:0:0:0] డిస్క్ – ఎస్‌డీఏ – ఎస్‌జీ0
[6:0:0:0] టేప్ – ఎస్‌టీ0 – ఎస్‌జీ1
[6:0:0:1] మీడియమ్‌ఎక్స్ – (ఖాళీ) – ఎస్‌జీ2

బ్రాకెట్లో ఉన్నవి వరసగా హోస్ట్ (అడాప్టర్ నంబరు), ఛానల్, టార్గెట్, లన్ (ఒకే టార్గెట్‌లో ఏ పరికరమో చెప్పే అంకె). రెండో వరస టేప్ డ్రైవు, మూడో వరస రోబో. రెండింటికీ లన్ తప్ప మిగతావన్నీ ఒకటే, చూడండి. చిన్న ఆటోలోడర్లలో (ఒకటే డ్రైవుండే చిన్న లైబ్రరీల్లో) చాలావాటికి రోబోకంటూ విడిగా కేబుల్ ఉండదు, డ్రైవు వెనకాలే లన్ 1గా వస్తుంది. డ్రైవు కరెంటు తీస్తే రోబో కూడా మాయమవుతుంది. మూడో వరసలో ఖాళీ చూసి కంగారు పడకండి. రోబోల కోసం ఉన్న ‘సీహెచ్’ డ్రైవర్ ఎక్కి ఉంటే అక్కడ ఎస్‌సీహెచ్0 అని పడుతుంది. ఎంటీఎక్స్‌కి దాని అవసరం లేదు, నేను ఎప్పుడూ ఎక్కించను.

రీబూట్ అయ్యాక అదే కమాండ్ కొడితే రోబో ఎస్‌జీ3కి జరిగింది. ఎస్‌జీ2లో టేప్ డ్రైవు కూర్చుంది. ఎస్‌జీ1లో ఏముందంటే, రిమోట్ కన్సోల్‌లో ఎవరో తగిలించి వదిలేసిన వర్చువల్ సీడీ!

అసలు గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను. ఎస్‌జీ నంబరు పరికరానిది కాదు. కెర్నల్‌కి స్కజీ పరికరం ఏది కనపడినా, అప్పటికి ఖాళీగా ఉన్న అతిచిన్న నంబరు దాని చేతిలో పెడుతుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీ లాంటిదన్నమాట: ఇవాళ 3వ నంబరు మీదైతే రేపు ఇంకెవరిదో. పైగా ఈ వరసలో నిలబడేవి టేపులు, రోబోలు మాత్రమే కాదు. సాటా డిస్కులు కూడా లినక్స్‌లో స్కజీ వేషంలోనే వస్తాయి, వాటికీ ఒక ఎస్‌జీ నంబరు పోతుంది. పెన్‌డ్రైవుకీ అంతే. డిస్క్ షెల్ఫ్ ఉంటే దాని ఎన్‌క్లోజర్‌కి ఒకటి. ఫైబర్ ఛానల్‌లో రెండు దారులుంటే ఒకే రోబోకి రెండు నంబర్లు.

రీబూట్ చేయకపోయినా ఇది జరుగుతుంది. డ్రైవు మార్చడానికి కరెంటు తీశారు, 1, 2 ఖాళీ అయ్యాయి. ఆ మధ్యలో ఎవరో పెన్‌డ్రైవు గుచ్చారు, 1 దానికి పోయింది. కొత్త డ్రైవు పెట్టి రీస్కాన్ చేస్తే డ్రైవుకి 2, రోబోకి 3. మీ బ్యాకప్ స్క్రిప్టు మాత్రం ఎస్‌జీ2నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

ఎంటీఎక్స్ తప్పు చోటికి వెళ్తే ఎర్రర్‌తో పోతుంది, నయమే. కానీ డిస్కుని ఫార్మాట్ చేసే ‘ఎస్‌జీ ఫార్మాట్’ కొట్టేటప్పుడు నంబరు తప్పితే? ఆ డిస్కు మౌంట్ అయి ఉందా, అందులో డేటాబేస్ నడుస్తోందా అని ఎస్‌జీ చూడదు. మీరు ఇచ్చిన స్కజీ ఆజ్ఞని ఉన్నదున్నట్టు పరికరానికి అందిస్తుంది, అంతే. అందుకే ఇకనుంచి కాన్ఫిగ్ ఫైల్లో గానీ స్క్రిప్టులో గానీ ఎస్‌జీ పక్కన అంకె కనపడకూడదు.

మరి ఏం రాయాలి? ‘/డెవ్/టేప్/బై-ఐడీ’ ఫోల్డర్‌లోకి వెళ్ళి ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టండి. యూడెవ్ (పరికరాలకి ఫైలు పేర్లు పెట్టే లినక్స్ సేవ) ప్రతి పరికరాన్నీ దాని గుర్తింపు సంఖ్య అడిగి, ఆ సంఖ్యతో ఇక్కడ ఒక లింకు పెడుతుంది. బాణం ఎస్‌జీ వైపు ఉంటే రోబో. ఎన్‌ఎస్‌టీ (మూసినప్పుడు టేపుని మొదటికి చుట్టని ఫైలు) వైపు ఉంటే డ్రైవు, దాని పేరు చివర కూడా ‘-ఎన్‌ఎస్‌టీ’ అని ఉంటుంది. ఎంటీఎక్స్‌కి మొదటిది, డ్రైవుని నడిపే ఎంటీ కమాండుకి రెండోది. బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ‘ఛేంజర్ డివైస్’ దగ్గర రోబో లింకు, ‘ఆర్కైవ్ డివైస్’ దగ్గర ఎన్‌ఎస్‌టీ లింకు రాయండి. ఎన్‌ఎస్‌టీ లేని ఉత్త ఎస్‌టీ రాశారో, ఫైలు మూసిన ప్రతిసారీ టేపు మొదటికి చుట్టుకుంటుంది. తర్వాతి బ్యాకప్ ముందుదాని మీదే పడుతుంది.

సొంతంగా యూడెవ్ రూల్ రాసి ‘రోబో’ అని ముద్దుపేరు పెట్టుకోవచ్చు. నాకిష్టం ఉండదు. ఆ రూల్ ఫైలు సంగతి మీ తర్వాత వచ్చేవాళ్ళకి తెలీదు, బై-ఐడీ మాత్రం ఏ సర్వర్‌లో చూసినా అక్కడే ఉంటుంది.

రెండు డ్రైవుల లైబ్రరీ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ‘ఎంటీఎక్స్ లోడ్ 1 0’లో చివరి 0 అంటే లైబ్రరీ లెక్కలో మొదటి డ్రైవు. అది ఎస్‌టీ0 అయి తీరాలని ఎక్కడా లేదు. ఒక టేపు ఎక్కించి, ‘ఎంటీ స్టేటస్’ రెండు డ్రైవులనీ అడిగి, ఎవరి నోట్లో పడిందో చూసుకోండి.

డ్రైవర్ బూట్‌లో తనంతట తాను ఎక్కకపోతే ‘మాడ్యూల్స్-లోడ్.డి’లో ఒక ఫైలు పెట్టి అందులో ‘ఎస్‌జీ’ అని ఒక్క ముక్క రాయండి. ‘పర్మిషన్ డినైడ్’ వస్తే ‘సీహెచ్‌మాడ్ 666’ (అందరికీ చదివే, రాసే అనుమతి) కొట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. రీబూట్ అయితే అది ఎలాగూ పోతుంది, ఉన్నంతసేపూ ఎవరైనా రోబోని ఆడించవచ్చు. టేప్ డ్రైవు, రోబోల ఎస్‌జీ ఫైళ్ళు ‘టేప్’ గ్రూపుకే చెందుతాయి, బ్యాకప్ యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చితే సరి. ఎస్‌జీ డ్రైవర్ బఫర్ సైజు చెప్పే ‘డెఫ్ రిజర్వ్‌డ్ సైజ్’ 32768 బైట్ల నుంచి పెంచాలా అని అడిగారు. వద్దు. మామూలు బ్యాకప్‌లో డేటా ఎస్‌టీ దారిన పోతుంది, ఎస్‌జీ మీదుగా పోయేవి రోబోకిచ్చే చిన్న చిన్న ఆజ్ఞలే. ఎల్‌టీఎఫ్‌ఎస్ (టేపుని డిస్కులా ఫైళ్ళతో వాడుకునే పద్ధతి) వాళ్ళ లెక్క వేరు, అది డేటాని కూడా ఎస్‌జీ మీదుగా పంపగలదు.

అభ్యాసం. ఇది కొంచెం కష్టం. లైబ్రరీ అక్కర్లేదు, పాత పీసీ చాలు. ఆఫీసు సర్వర్‌లో మాత్రం చేయకండి. ఉత్తుత్తి స్కజీ పరికరాలు సృష్టించే ‘స్కజీ డీబగ్’ మాడ్యూల్‌ని మ్యాక్స్‌లన్స్=3, పీటైప్=8 (8 అంటే రోబో) అని ఇచ్చి ఎక్కించండి. మూడు ఉత్తుత్తి రోబోలు వస్తాయి, వాటి ఎస్‌జీ నంబర్లు రాసుకోండి. లన్ 1 ఉన్నదాన్ని ‘సిస్’ (కెర్నల్ తన పరికరాల వివరాలు చూపే ఫోల్డర్) కింద దాని ‘డిలీట్’ ఫైల్లో 1 రాసి తీసేయండి. హోస్ట్ నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టండి, తప్పితే నిజం డిస్కు మాయమవుతుంది. ఇప్పుడు పెన్‌డ్రైవు గుచ్చండి. తర్వాత అదే హోస్ట్ ‘స్కాన్’ ఫైల్లో మూడు డ్యాష్‌లు రాసి రీస్కాన్ చేయండి. పెన్‌డ్రైవుకి ఏ నంబరు వచ్చింది, రోబోకి ఏది వచ్చింది? అది చూశాక, ఎస్‌జీ నంబరు ఎక్కడా రాయకుండా, మొదట ఎన్ని పెన్‌డ్రైవులు గుచ్చినా లన్ 1 రోబోనే పట్టుకునే స్క్రిప్టు ఒకటి రాయండి. ఎల్ఎస్‌స్కజీ వాడకూడదు, ‘సిస్’లో ఉన్న సమాచారంతోనే తేల్చాలి.