ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ ఆపాలా? ముందు ఎవరి నుంచో తేల్చుకోండి

మా కాలేజీ ల్యాబ్‌లో డెస్క్‌టాప్‌లు తీసేసి ల్యాప్‌టాప్‌లు పెట్టించింది కరెంటు బాధ పడలేకే. పరీక్ష మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే పిల్లల కంటే నాకే ఎక్కువ టెన్షన్. ఆ గోల వదిలింది కానీ ఇంకోటి తగులుకుంది. ఇప్పుడు ప్రతి మిషన్‌లోనూ వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. వెనక వరసలో ఒకడు జేబులో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశాడంటే పరీక్ష సర్వర్‌కి మనం పరిచిన ల్యాన్ (వైరు నెట్‌వర్క్) కేబుళ్లన్నీ దండగే.

వైఫై ఎలా ఆపాలి మేడమ్ అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: మళ్లీ ఎవరు ఆన్ చేయకూడదు? మీరేనా, ఇంట్లో పిల్లలా, పరీక్ష రాసే కుర్రాడా? దాన్ని బట్టే దారి.

మీ కోసమే అయితే విండోస్ 11లో విండోస్ కీ, ఎ కలిపి నొక్కండి. కుడి వైపు కింద వచ్చే పలకలో విమానం బొమ్మ నొక్కితే సరిపోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పై వరసలోనూ అదే బొమ్మతో ఒక కీ ఉంటుంది. కానీ విమానం వెలిగింది కదా అని నమ్మేయకండి, పక్కనున్న వైఫై, బ్లూటూత్ బొమ్మలు కూడా చూడండి. ఇంతకు ముందెప్పుడైనా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండగా హెడ్‌ఫోన్ కోసం బ్లూటూత్ ఆన్ చేసి ఉంటే, విండోస్ 11 అది గుర్తు పెట్టుకుంటుంది. ఈసారి మోడ్ వేసినా బ్లూటూత్ ఆగదు. చిన్న యూఎస్‌బీ ముక్కతో వచ్చే వైర్‌లెస్ మౌస్ సంగతీ అంతే. దాని రేడియో దానిదే, ఎయిర్‌ప్లేన్ మోడ్ దాన్ని ముట్టుకోదు. అందుకే మా ల్యాబ్‌లో పరీక్షకి వైరు మౌస్‌లే.

ఇదంతా తలుపు దగ్గరగా వేయడమే, గొళ్లెం పెట్టినట్టు కాదు. ఒక్క క్లిక్‌తో ఎవరైనా తెరిచేస్తారు.

ఇంకొకరి చేతికి వెళ్లే మిషన్ అయితే డివైస్ మేనేజర్‌లో, అంటే మిషన్ లోపలి భాగాల జాబితాలో, ఆపాలి. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు పేరుంటుంది: ఇంటెల్ వైఫై 6 అనో, రియల్‌టెక్, మీడియాటెక్ అనో. దాని మీద రైట్ క్లిక్, డిజేబుల్ డివైస్. బొమ్మ మీద చిన్న కింది బాణం పడితే ఆగినట్టు. అక్కడే ‘జీబీఈ’, ‘ఈథర్‌నెట్’ అని కనిపించేది ల్యాన్ కార్డు, దాని జోలికి పోకండి. పోతే పరీక్ష సర్వర్ కూడా పోతుంది. డిజేబుల్ బదులు అన్‌ఇన్‌స్టాల్ నొక్కేవాళ్లున్నారు. అది దండగ పని, రీస్టార్ట్ చేయగానే విండోస్ దాన్ని మళ్లీ వెతికి పట్టుకుంటుంది. బ్లూటూత్ అదే కార్డు మీద ఉన్నా ఇక్కడ వేరే శీర్షిక కింద ఉంటుంది, కాబట్టి దాన్నీ విడిగా డిజేబుల్ చేయాలి.

విద్యార్థికి అడ్మిన్ ఖాతా (అన్నీ మార్చే అధికారం ఉన్నది) ఇచ్చి ఇదంతా చేస్తే మాత్రం మీ ఓపికకి దండం. స్టాండర్డ్ ఖాతా ఇవ్వండి. అందులో డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది, కానీ చూడ్డానికే, మార్చడానికి కుదరదు.

అన్నిటికంటే గట్టిది బయోస్, అంటే విండోస్ కంటే ముందే మిషన్‌ని లేపే ప్రోగ్రాం. మిషన్ ఆన్ కాగానే లెనోవో థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ ల్యాటిట్యూడ్‌కి ఎఫ్2, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లకి ఎఫ్10 నొక్కాలి. థింక్‌ప్యాడ్‌లో సెక్యూరిటీ, దాని లోపల ఐ/ఓ పోర్ట్ యాక్సెస్. అక్కడ వైర్‌లెస్ ల్యాన్, బ్లూటూత్ రెండూ డిజేబుల్ చేయొచ్చు. డెల్‌లో వైర్‌లెస్ అనే మెనూ కిందా, హెచ్‌పీలో అడ్వాన్స్‌డ్ లోపల బిల్ట్-ఇన్ డివైస్ ఆప్షన్స్ కిందా వెతకండి. మోడల్‌ని బట్టి పేర్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇంటికి కొనుక్కునే చవక మోడళ్లలో చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు. ఇక్కడ ఆపితే విండోస్‌కి ఆ కార్డు ఉన్నట్టే తెలియదు, డివైస్ మేనేజర్‌లో కూడా కనిపించదు.

బయోస్‌లో చేయి పెట్టే ముందు రెండు జాగ్రత్తలు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేయండి. లేకపోతే మిషన్ మళ్లీ తెరుచుకునేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చునే ప్రమాదం ఉంది. రెండోది బయోస్ పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ పెట్టకపోతే తెలిసిన కుర్రాడు అదే ఎఫ్1 నొక్కి విప్పేస్తాడు, పెట్టి మర్చిపోతే మీ గతి అధోగతి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మదర్‌బోర్డు మార్చడమే మార్గమని లెనోవోనే చెబుతుంది. మా పాస్‌వర్డ్ కవరులో పెట్టి, సీలు వేసి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచాం.

కొన్ని డెల్, హెచ్‌పీ బయోస్‌లలో ఇంకో వెసులుబాటు ఉంది: ల్యాన్ కేబుల్ పెట్టగానే వైఫై దానంతటదే ఆగుతుంది. ఆడిటర్ ఆఫీసులో ట్యాలీ నడిపేవాళ్లకి బ్రహ్మాండంగా ఉంటుంది. పరీక్షకి పనికిరాదు. కేబుల్ పీకితే వైఫై తిరిగొస్తుంది మరి.

విండోస్ బదులు ఉబుంటు నడిచే మిషన్లలో టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ‘ఆర్‌ఎఫ్‌కిల్ బ్లాక్ ఆల్’ అని కొడితే అన్ని రేడియోలూ ఆగుతాయి. ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టి సాఫ్ట్ బ్లాక్డ్ పక్కన ‘యెస్’ (yes) అని ఉందో లేదో చూసుకోండి. అయితే పై మూల మెనూలోంచి దాన్ని తిరిగి ఆన్ చేసుకోవచ్చు, కాబట్టి ల్యాబ్‌లో ఉబుంటు ఉన్నా బయోస్ దారే మేలు.

స్క్రూలు విప్పి కార్డే పీకేద్దామనే ఉత్సాహవంతులూ ఉంటారు. వారంటీ సంగతి చూసుకోండి. పల్చటి మోడళ్లలో అది బోర్డుకే అతికి ఉంటుంది. విడిగా ఉంటే మాత్రం దాని రెండు యాంటెన్నా వైర్ల కొసలకి టేపు చుట్టి పక్కకి పెట్టండి.

ఇంత చేసినా యూఎస్‌బీ పోర్టు తెరిచే ఉంటుంది. గోరంత వైఫై డాంగిల్ పెట్టినా, ఫోన్‌కి ఛార్జింగ్ వైరు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని వైరు మీద పంచడం) ఆన్ చేసినా నెట్ వచ్చేస్తుంది. రెండోదైతే ల్యాప్‌టాప్ దృష్టిలో వైర్‌లెస్సే కాదు, మామూలు నెట్‌వర్క్ కార్డు. పోర్టులన్నీ బయోస్‌లో మూసేద్దామంటే మౌస్ ఎక్కడ పెడతాం? ఇక్కడ సెట్టింగుల కంటే ఫోన్లు బయట ట్రేలో పెట్టించడమే తేలిక. మధ్యలో ఒకసారి పోర్టుల వైపు చూస్తూ వరసల్లో నడవండి.

పరీక్షకి ముందు రోజు నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని ప్రతి మిషన్ దగ్గరా నిలబడతాను. పలకలో వైఫై బొమ్మే ఉండకూడదు. ఉందంటే బయోస్‌లో ఎవరో మళ్లీ ఆన్ చేశారనో, బయోస్ రీసెట్ అయిందనో అర్థం. సరిగ్గా ఉన్న మిషన్ కింద ‘వైఫై, బ్లూటూత్ బయోస్‌లో ఆఫ్’ అని తేదీతో స్టిక్కర్ అంటిస్తాం. అది లేకపోతే తర్వాత సర్వీసుకి వచ్చిన కుర్రాడు కార్డు చచ్చిందనుకుని కొత్తది తెప్పించమంటాడు.