పిల్లలు గుర్రమెక్కితే కంచె బయట మనం ఏం చేయాలి

రైడింగ్ స్కూల్లో పిల్లలకి కోచ్ అన్నీ చెబుతాడు. వీపు నిటారుగా ఉంచు, మడమలు కిందికి దించు, ముందుకి చూడు. కంచె ఇవతల చేతులు నలుపుకుంటూ నిలబడ్డ అమ్మానాన్నలకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. ఇరవై కిలోలుందో లేదో అనిపించే పిల్ల నాలుగైదు వందల కిలోల జంతువు మీద కూర్చుంటే టెన్షన్ పడొద్దనడం జరిగే పని కాదు. కాబట్టి పడండి, కాకపోతే పడాల్సిందంతా పిల్ల గుర్రం ఎక్కకముందే పడేయండి. ఎక్కాక మన భయం వల్ల పిల్లకీ గుర్రానికీ ఇబ్బందే.

ఫీజు కట్టేముందు ఒకరోజు పొద్దున్నే వెళ్లి వేరేవాళ్ల పిల్లల క్లాసు చూడండి. కొత్తగా చేరినవాళ్లని తాడు మీద తిప్పుతున్నారా లేదా అన్నది ముఖ్యం. కోచ్ మధ్యలో నిలబడి ఏడెనిమిది మీటర్ల తాడు పట్టుకుంటాడు, గుర్రం ఆయన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, పిల్ల పగ్గాల గొడవ లేకుండా కుదురుగా కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటుంది. మొదటిరోజే పగ్గాలు చేతికిచ్చి వదిలేసే చోటు మనకొద్దు. మన స్కూళ్లలో రేసుల నుంచి రిటైరై వచ్చిన గుర్రాలు చాలానే ఉంటాయి. అంతమాత్రాన అవి చెడ్డవేం కావు, కానీ రేసులు మానేసి ఎన్నాళ్లయింది, చిన్నపిల్లల్ని మోయడం ఎంత అలవాటు అని మొహమాటపడకుండా అడగండి. పోనీ అనే పొట్టి రకం గుర్రం దొరికితే ఇంకా నయం, భుజాల దగ్గర 4 అడుగుల 10 అంగుళాలకి మించదు కాబట్టి పడినా తక్కువ ఎత్తు నుంచే.

హెల్మెట్ సొంతంది కొనండి. అందరూ వాడే స్కూలు హెల్మెట్ మన పిల్ల తలకి సరిగ్గా పట్టడం కష్టం, ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. లోపలి స్టిక్కర్ మీద గుర్రపుస్వారీ హెల్మెట్ల భద్రతా గుర్తు, ఏఎస్‌టీఎం ఎఫ్1163 అనో ఈఎన్ 1384 అనో, ఉండాలి. పెట్టుకుంటే కనుబొమలకి రెండు వేళ్ల పైన ఆగాలి, తల ఊపితే జారకూడదు. ఒక్కసారి నేలకి గట్టిగా తగిలినా, పైకి పగులు కనిపించకపోయినా, మార్చేయడమే. బూట్లకి చిన్న హీల్ ఉండాలి. అడుగు చదునుగా ఉండే షూస్ అయితే పాదం రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే కాలు పెట్టుకునే రింగులోంచి, అవతలికి జారి ఇరుక్కుపోవచ్చు, మామూలుగా కిందపడటం కన్నా అది చాలా ప్రమాదం. పిల్లల కోసం ఒకవైపు రబ్బరు బ్యాండు ఉన్న రికాబులు దొరుకుతాయి, పడేటప్పుడు ఆ బ్యాండు ఊడి కాలు బయటికొచ్చేస్తుంది. ఆ రబ్బరు గుర్రం వైపు కాకుండా బయటివైపు ఉందో లేదో చూసుకోండి.

ఇక జీను కింద పొట్ట చుట్టూ బిగించే పట్టీ. కొన్ని గుర్రాలు పట్టీ కట్టేటప్పుడు పొట్ట ఉబ్బించి నిలబడతాయి, మహా గడుసువి. గుర్రాన్ని చూసుకునే సైస్ బిగించి వెళ్లిపోతాడు, కాస్త నడిచేసరికి పొట్ట మామూలైపోయి పట్టీ వదులవుతుంది, జీను పక్కకి ఒరుగుతుంది. అందుకే కాసేపు నడిపించి మళ్లీ బిగించాలి. బిగించారా అని అడగడానికి సిగ్గుపడకండి. అన్నట్టు, లద్దె కలిసిన మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, ఐదారేళ్లకి వేయించాల్సిన డీపీటీ బూస్టర్ పడిందో లేదో కార్డు తీసి చూడండి.

ఇదంతా అయ్యాక నోరు కట్టేసుకుని నిలబడండి. నడకతో పెద్దగా భయముండదు. ట్రాట్, అంటే గుర్రం కుదుపుతో చిన్నగా పరిగెత్తడం, మొదలయ్యాకే మన పై ప్రాణాలు పైనే పోతాయి, ఎందుకంటే పిల్ల జీను మీద టపటపా ఎగిరిపడుతూ ఉంటుంది, ఇప్పుడో ఇంకాసేపటికో కిందపడేలా కనిపిస్తుంది. ఆ కుదుపుకి తగ్గట్టు లేస్తూ కూర్చుంటూ ఉండటం వంటబట్టేదాకా అంతే, కంగారుపడక్కర్లేదు. "జాగ్రత్త అమ్మలూ!" అని మీరు అరిచారనుకోండి, పిల్ల తల మీవైపు తిప్పుతుంది, తలతోపాటు భుజం తిరుగుతుంది, బరువు ఒక పక్కకి వెళ్తుంది, గుర్రం కూడా అటే మళ్లొచ్చు. గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి సరిగ్గా తోక వెనకా నుదుటి ముందూ తప్ప దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ఠపీమని గొడుగు తెరిచినా, ప్లాస్టిక్ కవర్ ఎగిరినా, చిన్నోడు కంచె వెంట పరిగెత్తినా బెదురుతుంది. చిన్నోణ్ణి ఎత్తుకునే ఉండండి.

ఎప్పుడో ఒకరోజు పడతారు. పడగానే లోపలికి పరిగెత్తకండి, మీ పరుగు చూసి గుర్రం ఇంకా బెదురుతుంది. గుర్రాన్ని ఎవరో ఒకరు పట్టుకున్నాక కోచ్ పిలిస్తే వెళ్లండి. మెడ, వీపు నొప్పి అంటే ఎత్తొద్దు. తలకి తగిలితే, వాంతి, మత్తు, తికమక, తలనొప్పి వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆస్పత్రికే. పడ్డవాళ్లని వెంటనే మళ్లీ ఎక్కిస్తే భయం పోతుందంటారు, తలకి దెబ్బ తగిలినరోజు ఆ మాట వినకండి, పిల్ల ఎంత మారాం చేసినా సరే.

గర్వం సంగతికొస్తే, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం చేత లయగా, పొందిగ్గా అడుగులు వేయించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది, గుర్రపుస్వారీలో మనకి 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణమది. ఆ నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అమ్మాయిలే. ఆ వీడియోలు పిల్లకి చూపించండి, అంతేగానీ మూడో రైడింగ్ క్లాసుకే మెడల్ లెక్కలు వేయకండి. నన్నడిగితే చూసి మురిసిపోవాల్సింది వేరే ఉంది: అరచేయి చాపి, బొటనవేలు పక్కకి అంటించి, వేళ్లు కొరకకుండా క్యారెట్ తినిపించడం. ఎవరూ చెప్పకుండానే ఎక్కేముందు పట్టీ కింద చేయి దూర్చి బిగువు చూసుకోవడం. క్లాసవ్వగానే దిగి పారిపోకుండా సైస్ పక్కన నిలబడి జీను దించేదాకా ఉండి, చెమట పట్టిన వీపుకి బ్రష్ పట్టడం. దీనికి ఓ పావుగంట పడుతుంది, కారు తాళాలు ఆడిస్తూ తొందరపెట్టకండి.

వీడియో తీసుకోండి, ఫ్లాష్ ఆపేసి, ఒకేచోట నిలబడి. అమ్మమ్మకి వీడియో కాల్‌లో లైవ్ మాత్రం చూపించకండి, ఆవిడ అక్కడ పెట్టే కేక ఇక్కడ స్పీకర్లోంచి గుర్రానికి వినపడుతుంది. క్లాసయ్యాక పంపండి. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి.